నిప్పులో వేసిన ముద్ద

ఆ సెప్టెంబరులో మా అత్త నన్ను వేటకు తీసుకెళ్ళింది మూస్ దుప్పి దొరకాలని. నేను వెళ్ళింది దొరకకూడదని. ఈ మాట అప్పట్లో ఎవరికీ చెప్పలేదు. ఇప్పుడు చెప్పినా తిట్టేవాళ్ళు పెద్దగా మిగల్లేదు కాబట్టి రాస్తున్నాను.

మా ఆయన కాల్విన్ పోయి అప్పటికి పదకొండు నెలలు. అంతకు ముందు అక్టోబరులో, ఏటి మీద మంచు ఇంకా గట్టిపడకముందే, మంచు మీద నడిచే బండి, స్నో మెషిన్ ఎక్కి అవతలి ఒడ్డుకు బయల్దేరాడు. పొద్దుగూకేలోగా వచ్చేస్తానన్నాడు. మూడు రోజులకు మంచు కింద దొరికాడు. గొయ్యి తవ్విందీ, శవపెట్టె చేసిందీ మా వంశంవాళ్ళు. మాలో అంతే. ఒక వంశంలో చావు జరిగితే ఎదురు వంశంవాళ్ళు ఆ పనులు చేస్తారు. మొగుడూ పెళ్ళాలు ఎప్పుడూ చెరో వంశం. పిల్లలది తల్లి వంశం. ఏడాది తిరిగేసరికి పోయినవాడి వంశం పెద్ద విందు పెడుతుంది. పనిచేసిన ఎదురు వంశాన్ని కూర్చోబెట్టి, దుప్పి మాంసం వడ్డించి, కంబళ్ళు కప్పి పంపుతుంది. విందు చివర పోయినవాడికి ఒక పళ్ళెం నిప్పులో వేస్తారు. అది ఆఖరి పళ్ళెం. ఆ తర్వాత అతన్ని తలుచుకుని ఏడవకూడదు, పిలవకూడదు, ఇంకో ముద్ద పెట్టకూడదు. అతని దారిన అతన్ని పోనివ్వాలి.

అంటే కాల్విన్ విందులో వాళ్ళమ్మ, అంటే మా అత్త బర్తా, వడ్డించే వైపు నిలబడుతుంది. నేను తినే వైపు కూర్చుంటాను. ఆరేళ్ళు కాపురం చేసిన మొగుడి విందులో నేను చుట్టాన్ని. తిని లేచేసరికి ఆ ఇంటి కోడల్ని కూడా కాను. ఊళ్ళో ఆడవాళ్ళు, "ఇంకెంతలే ఎల్సీ, రెండు నెలలు ఓర్చుకో, తేలికపడతావు" అనేవాళ్ళు. తేలికపడడం ఎవరిక్కావాలి? నాకు మిగిలింది ఆ బరువొక్కటే.

దుప్పి మాంసం లేనిదే విందు లేదు. దుప్పి దొరక్కపోతే విందు ఇంకో ఏడాది వాయిదా పడుతుంది. ఆ ఆశతోనే నేను పడవెక్కాను.

పడవ నడిపింది జోనస్ మావయ్య. మా అత్తకు తమ్ముడు. కాల్విన్‌కు తుపాకి పట్టుకోవడం నేర్పిన మేనమామ. అరవై దాటాయి. ఎడమ చెవి వినబడదు, అవసరాన్ని బట్టి కుడి చెవి కూడా వినబడదు. ఏటికి ఎదురు రెండు రోజులు వెళ్ళి, మా ఇంటివాళ్ళు ఏటా దిగే వంపు దగ్గర ఒడ్డెక్కాం. మాంసం వేలాడదీసే దూలం కాల్విన్ కట్టిందే. సూదుల్లాంటి ఆకులుండే రెండు స్ప్రూస్ చెట్ల మధ్య, నిలువెత్తు మనిషి మీద ఇంకో మనిషి నిలబడితేగానీ అందనంత ఎత్తున ఉంది. దాని కింద నిలబడి పైకి చూశాను. తాళ్ళ ముడులు అలాగే ఉన్నాయి. ఆ ముడుల్ని తాకాలని నా చేతులు కొట్టుకున్నాయి. అందలేదు.

"అక్కడ నిలబడి దూలానికి దిష్టి పెడుతున్నావా?" అంది అత్త వెనకనుంచి. "రా. గుడారాలెయ్యాలి."

ఆవిడ పద్ధతులు ఆవిడవి. వంట ఒక చోట, పడక ఒక చోట, మాంసం ఇంకో చోట. ఒకదానికీ ఒకదానికీ వంద అడుగులు, అవి కూడా ఆవిడ అడుగులతో కాదు, జోనస్ మావయ్య అడుగులతో. వంట చేసిన బట్టలతో గుడారంలోకి రాకూడదు. తిన్న చేతుల్ని ఇసుకతో తోముకుని ఏట్లో కడగాలి. చేప ముల్లు కూడా నేల మీద పడకూడదు. గిన్నె కడిగిన నీళ్ళు పారే నీటిలోనే పొయ్యాలి. ఎవరూ ఒంటరిగా పొదల్లోకి వెళ్ళకూడదు. తుపాకి ఎప్పుడూ చేతికందేలా ఉండాలి, చెయ్యి మాత్రం తొందరపడకూడదు.

"తలకి గుడ్డ కట్టుకో" అంది నాతో. "వేపుడు వాసన జుట్టుకి పడుతుంది."

"పడితే ఏమవుద్ది?" అన్నాను.

"పెద్దాయన రాత్రికొచ్చి నిన్ను రొట్టె అనుకుని తింటాడు" అన్నాడు జోనస్ మావయ్య. "తిన్నాక తెలుస్తుంది పాపం, ఉప్పెక్కువైందని."

పెద్దాయన అంటే ఎలుగుబంటి. ఆడవాళ్ళం పేరు పెట్టి అనం. కాగితం మీద కాబట్టి రాశాను, ఇకమీదట రాయను. తాతా అనో పెద్దాయనా అనో అంటాం. ఆయన గురించి గొప్పలు పోకూడదు, వేళాకోళం చెయ్యకూడదు. మగవాళ్ళలో జోనస్ మావయ్య ఒక్కడే చేస్తాడు. అలా అన్నప్పుడల్లా అత్త ఆయన వీపు మీద ఒకటి చరుస్తుంది.

ఆ సాయంత్రం వేట మొదలుపెట్టకముందు, అత్త ఒక పళ్ళెంలో ఎండు సాల్మన్ చేప, కొంచెం కొవ్వు, టీ పొడి పెట్టుకుని పడవలో అవతలి ఇసుక తిన్నె మీదకు వెళ్ళింది. మేమిద్దరం వెంట వెళ్ళాం. చిన్న నిప్పు చేసి అన్నీ అందులో వేసింది. "తిను నాన్నా" అంది. అంతే. కన్ను చెమర్చలేదు. అన్నీ కాలిపోయాక బూడిదంతా ఏట్లోకి నెట్టి, ఆ చోటంతా నీళ్ళు కొట్టింది.

"రేపు కూడా పెడదామా?" అని అడిగాను.

"ఒక్కసారే. మళ్ళీ విందులో."

"రోజూ పెడితే తప్పేంటి అత్తమ్మా?"

"రోజూ పిలుస్తుంటే వాడెలా కదులుతాడు? వాడు కదలకుండా ఇక్కడే తచ్చాడుతుంటే, ఆ కమురు వాసన పట్టుకుని ఇంకెవరో వస్తారు." చేతులు పావడాకి తుడుచుకుంది. "అయినా నాకు లేని బాధ నీకెందుకే? పద, చలేస్తోంది."

ఆ మాటకి నాకు ఒళ్ళు మండింది. ఆవిడకి బాధ లేదని నేనెప్పుడో తీర్పు చెప్పేసుకున్నాను. పదకొండు నెలల్లో నా ముందు ఒక్క చుక్క రాల్చలేదు. కొడుకు పోయిన వారానికే అతని బట్టలు మడతపెట్టి ఊరికి పంచేసింది. నేను దాచుకున్న ఒక్క చొక్కా కూడా నా తలగడ కిందనుంచి తీసి, "ఇది వద్దమ్మా" అని పట్టుకెళ్ళింది.

రెండో రోజు మధ్యాహ్నం జోనస్ మావయ్య ఏటి పైకి వెళ్ళాడు. అత్త ఏటి ఒడ్డున గిన్నెలు తోముతోంది. నేను నా గుడారం వెనక్కి వెళ్ళి, నాచు పెళ్ళ ఎత్తి, కింద చిన్న గుంట చేసి, పిడికెడు పుల్లలు అంటించాను. చొక్కా లోపల దాచి తెచ్చిన రొట్టెముక్క తీశాను. పంది కొవ్వులో వేయించింది, మధ్యలో పంచదార. కాల్విన్ ఆ రొట్టె కోసం నిద్రలోంచి లేచేవాడు. నిప్పులో వేశాను. కొవ్వు చుయ్యిమంది. "తిను" అన్నాను. తర్వాత ఏమనాలో తెలియక, రోజంతా ఏం జరిగిందో చెప్పాను. మీ మావయ్య రెండుసార్లు జారిపడ్డాడు. మీ అమ్మ నన్ను నాలుగుసార్లు తిట్టింది. నీ ముడులు ఊడలేదు. చెప్తూ చెప్తూ ఏడ్చాను. ఏడిస్తే హాయిగా అనిపించింది. నాచు పెళ్ళ మళ్ళీ కప్పేశాను.

మూడో రోజూ పెట్టాను. నాలుగో రోజూ. కొరివితో తల గోక్కోవడమని నాకు తెలుసు. పెద్దాయన తిరిగే చోట, నేను తల పెట్టుకుని పడుకునే గుడ్డకి రెండు మూరల దూరంలో రోజూ కొవ్వు కాల్చడం. అయినా ఆ పావుగంట కోసం నేను మిగతా రోజంతా గడిపేదాన్ని. కాల్విన్ నా ఎదురుగా గొంతుక్కూర్చుని తింటున్నట్టే ఉండేది. ఒకరోజు పొగ నా మొహం మీదకే వస్తుంటే, "ఊరుకో, ఎవరైనా చూస్తారు" అన్నాను.

పది రోజులు దుప్పి జాడ లేదు. నాకు లోలోపల పండగ.

ఒకరోజు అత్తా నేనూ ఎర్రపళ్ళు కోయడానికి కొండవాలుకి వెళ్ళాం. నేను నోరు మూసుకుని కోస్తున్నాను.

"మాట్లాడు" అంది అత్త.

"ఏం మాట్లాడను?"

"ఏదైనా. మనం ఉన్నట్టు తెలియాలి కదా తాతకి. చప్పుడు చెయ్యకుండా ఎదురుపడితే ఆయనకీ భయమే, మనకీ భయమే. గట్టిగా మాట్లాడు. ఏమీ తోచకపోతే నన్ను తిట్టు."

"నిజంగానా?"

"పదకొండు నెలల్నుంచి మనసులో తిడుతున్నదే కదా. కాస్త పైకి తిట్టు, పనికొస్తుంది."

నాకు నవ్వొచ్చింది. రాకుండా ఆపుకోవాలని చూశాను, కుదర్లేదు. "రాయివి" అన్నాను గట్టిగా.

"ఇంకా."

"గయ్యాళివి. కొడుకు చొక్కా కూడా దక్కనివ్వని పిసినారివి."

"ఇంకా గట్టిగా. కొండ అవతలికి వినబడాలి." ఆవిడ చెయ్యి ఆగకుండా పళ్ళు కోస్తూనే ఉంది. కాసేపయ్యాక నా తిట్లు అయిపోయాయి. ఆవిడ చర్చి పాట ఒకటి అందుకుంది. గొంతు బాగోదు. నేను కూడా కలిశాను. నాది అంతకన్నా బాగోదు. దారిలో తాత ఎవరైనా ఉంటే ఆ పాటకే పారిపోయి ఉంటాడు.

పదకొండో రోజు పొద్దున్నే దుప్పి దొరికింది. జోనస్ మావయ్య ఎండిన భుజం ఎముకను విల్లో పొదకేసి రుద్దుతూ కూర్చున్నాడు. మరో మగ దుప్పి కొమ్ములు రాస్తోందనుకుని ఒకటి పొదలు విరుచుకుంటూ వచ్చింది. ఒకే గుండు. చప్పుడు విన్నప్పుడు నేను ఏటి ఒడ్డున ఉన్నాను. అత్త చేతిలోని బిందె కింద పెట్టి, కళ్ళు మూసుకుని, "వచ్చావా నాయనా, మంచిది" అంది దుప్పితో. నా పండగ మాత్రం అక్కడితో అయిపోయింది.

ఆ రోజంతా, మర్నాడంతా కోత. మోచేతుల దాకా నెత్తురు. తొడలు, భుజాలు కాల్విన్ దూలానికి ఎక్కించాం. పక్కటెముకలు చిన్న పందిరి మీద పరిచి కింద పొగ పెట్టాం. పేగులూ పొట్టా అవతలి ఒడ్డున దూరంగా వదిలేశాం, అది అడవిలో తిరిగే జంతువుల వాటా. అత్త వంచిన నడుం ఎత్తకుండా పని చేసింది. దుప్పి కళ్ళ మీద రెప్పలు మూసి, తలను తూర్పుకి తిప్పి పెట్టింది. చివరికి లేచి నడుం మీద చెయ్యి పెట్టుకుని దూలం వంక చూసి, "సరిపోతుంది. ఊరంతా తిన్నా సరిపోతుంది" అంది. మొహంలో అలసట తప్ప ఏమీ లేదు. నేను తల తిప్పుకున్నాను.

నీళ్ళు తగ్గి ఏరు లోతు లేదు. ఒక్క విడతలో అంత మాంసం పడవ మోయలేదు. జోనస్ మావయ్య ఒక భుజం, మెడ, తల వేసుకుని ముందు కింది గ్రామంలో మా చుట్టాల పొగ గదికి చేర్చి రావాలనుకున్నాడు. రెండు రోజుల్లో వచ్చేస్తాడు.

"ఇద్దరు ఆడాళ్ళని వదిలి వెళ్ళాలా అని చూస్తున్నా" అన్నాడు పడవెక్కుతూ.

"నువ్వుంటే మాత్రం చెవుడు తప్ప ఏముంది? వెళ్ళు" అంది అత్త. తుపాకి ఆవిడ భుజాన ఉంది.

"అక్కా, పెద్దాయన ఒక్క గుండుకి పడే ప్రాణి కాదు, తెలుసుగా."

"నాకు చెప్తున్నావా? నీకు ముడ్డి కడిగినదాన్ని నేను."

మర్నాడు పొద్దు నడినెత్తికి వచ్చినప్పుడు మేమిద్దరం పందిరి దగ్గర పొగకి పచ్చి పుల్లలు వేస్తున్నాం. ఎండ బాగా ఉంది. ఆకులు పసుప్పచ్చగా పండి రాలుతున్నాయి. నేనే ముందు చూశాను. గుడారాల వెనక గోధుమ రంగు వీపు ఒకటి కదిలింది. నా గుడారం గుడ్డ ఊగింది.

"అత్తమ్మా."

"చూశాను. పరిగెత్తకు. నా పక్కకి రా. మెల్లిగా."

పెద్దాయన మా వైపు చూడలేదు. మాంసం వైపు కూడా చూడలేదు. తిన్నగా నా గుడారం వెనక గుంట దగ్గరకు వెళ్ళి, నాచు పెళ్ళను ఒక్క తోపుతో లేపేసి, మూతి లోపలికి పెట్టాడు. అత్త ఇప్పుడు తిడుతుంది, ఇప్పుడు నా వైపు తిరుగుతుంది అనుకున్నాను. ఆవిడ తిరగలేదు.

ఆయన ఆ గుంట నాకడం అయ్యాక తల ఎత్తి, ఈసారి అత్త గుడారం వైపు నడిచాడు. దాని వెనకాల, ఒక చిన్న స్ప్రూస్ మొక్క మొదట్లో ఆగాడు. అక్కడ కూడా నాచు పెళ్ళ ఉంది. దాన్ని కూడా లేపాడు. కింద నల్లని బూడిద. మూతంతా బూడిద చేసుకుని, చప్పుడు చేస్తూ నాకాడు.

నేను అత్త వంక చూశాను. ఆవిడ ఎదురుగానే చూస్తోంది. చెవులు ఎర్రగా ఉన్నాయి.

అప్పుడు ఆయన ముక్కు గాలికి ఎత్తాడు. మాంసం వాసన అందింది. మేం నిలబడ్డ వైపు నడవడం మొదలుపెట్టాడు, తొందరేమీ లేకుండా. మేము ఆయనకీ పందిరికీ మధ్యలో ఉన్నాం. అలాంటప్పుడు మాంసం వదిలేసి పక్కకు తప్పుకోవాలి. అది కూడా ఆవిడ నాకు నేర్పిందే.

"తప్పుకుందాం" అన్నాను.

"తప్పుకుంటే వాడి విందు పోతుంది."

"కాల్చు మరి."

"పిలిచి కాల్చమంటావా? మనం పిలిస్తే వచ్చాడు."

ఆవిడ భుజాన ఉన్న తుపాకి తియ్యలేదు. రెండు అరచేతులూ ముందుకి చాచి, అలవాటైన ముసలాయనతో అరుగు మీద మాట్లాడుతున్నట్టు, మామూలు గొంతుతో మొదలుపెట్టింది.

"తాతా, కాస్త ఆగు. మేం దిక్కులేని ఆడవాళ్ళం. నీతో మాకు తగవు లేదు. నువ్వు తిన్నావే, ఆ ముద్దలు నీకు పెట్టినవి కావు. నా కొడుక్కి పెట్టుకున్నాను. పెట్టకూడదని తెలిసే పెట్టాను. వచ్చిన మొదటి రోజు నుంచీ పెట్టాను. తప్పు నాది. ఈ మాంసం కూడా వాడిదే. ఇది పోతే వాణ్ణి పంపించలేను. ఇక ముద్ద పెట్టను. నీ మీద ఒట్టు, పెట్టను."

పాతిక అడుగుల దూరంలో ఆయన ఆగి, వెనక కాళ్ళ మీద లేచి నిలబడ్డాడు. మూతి అటూ ఇటూ ఊపుతూ వాసన చూస్తున్నాడు. నిలబడడం కోపం కాదు, చూసుకోవడం. అది తెలిసినా నేను అత్త వెనక్కి అర అడుగు జరిగాను.

"నువ్వు కూడా చెప్పు" అంది అత్త నా వైపు చూడకుండా. "నీ చేత్తో పెట్టినదానికి నేను చెప్తే చెల్లదు."

నేను మాట్లాడలేదు.

నిజం చెప్తున్నాను. భయం ఒక్కటే కారణం కాదు. నోరు మూసుకుని ఆవిడ చెయ్యి పట్టి నాలుగడుగులు పక్కకు లాగితే చాలు. ఆయన పందిరి పడగొడతాడు, దూలం కూడా ఎలాగో పీకుతాడు, విందు ఉండదు. కాల్విన్ ఇంకో ఏడాది నావాడు. నేను కోరుకున్నది నా కాళ్ళ ముందుకి నడిచొచ్చి నిలబడింది. నేను చేయాల్సింది ఏమీ చెయ్యకపోవడమే.

అత్త చాచిన చేతుల వంక చూశాను. గోళ్ళలో నల్లగా బూడిద ఉంది. అంత తోముకునే మనిషి. ఆ బూడిద పొద్దుటిదే అయి ఉంటుంది.

"వెళ్ళు" అన్నాను.

మళ్ళీ అన్నాను. "రొట్టె నేనే పెట్టాను. రోజూ పెట్టాను. నువ్వు రావాలని పెట్టాను. రేపట్నుంచి పెట్టను. నాకు ఉండమనే ఉంది. అయినా వెళ్ళు. ఇక్కడ తచ్చాడకు. నీ దారిన నువ్వు వెళ్ళు."

ఎవరితో అన్నానో అత్తకి తెలుసు. ఆవిడ చెయ్యి వెనక్కి వచ్చి నా మణికట్టు పట్టుకుంది. ఇద్దరం అలాగే మాట్లాడుతూ ఉన్నాం, ఒకరి మాట మీద ఒకరం, అడిగినవీ అడగనివీ చెప్తూ, గట్టిగా. ఆయన ముందు కాళ్ళు నేల మీద వేశాడు. ఒకసారి బుస్సుమని గాలి వదిలాడు. మమ్మల్ని చుట్టి, పందిరి చివరనుంచి ఒక పక్కటెముకల పలక నోట కరుచుకుని విల్లో పొదల్లోకి వెళ్ళిపోయాడు.

"అది నీ వాటా. చాలు తాతా" అంది అత్త వెనకనుంచి. తర్వాత నేల మీద కూలబడింది.

ఆవిడ ఏడవడం నేను అప్పుడు చూశాను. ఊరికే కాదు, ఒళ్ళంతా కదిలేలా. పక్కన కూర్చున్నాను. చాలాసేపటికి ముక్కు చీది, "నీ దాంట్లో ఏం పెట్టావ్?" అంది.

"రొట్టె. పంచదార వేసి."

"రొట్టా?" ఆవిడ నావంక ఒక రకంగా చూసింది. "వాడికి రొట్టె పడదే. చిన్నప్పట్నుంచీ కడుపుబ్బరం."

"ఆరేళ్ళు నా చేత చేయించుకుని తిన్నాడు."

"నీ కోసం తినుంటాడు."

నాకు కోపం రావాలి. రాలేదు. కాల్విన్ పొట్ట పట్టుకుని నా ముందు నవ్వుతూ నమలడం కళ్ళకు కట్టింది. "మరి నువ్వేం పెట్టావ్?"

"చేప తోలు. బాగా మాడ్చి."

"అది తినేవాడు కాదు అత్తమ్మా. కుక్కకి వేసేవాడు."

"మా ఇంట్లో తినేవాడే."

"నీ కోసం తినుంటాడు" అన్నాను.

ఇద్దరం నవ్వుకున్నాం. నవ్వు ఎప్పుడు ఏడుపులోకి దిగిందో తెలియలేదు. తర్వాత లేచి ఆ రెండు గుంటల్లో బూడిద తోడి ఏట్లో పోసి, నీళ్ళు కొట్టి, గుడారాలు విప్పి ఇవతలి ఒడ్డునే ఇసుక మీదకు మార్చాం. పొయ్యి నుంచి వంద అడుగులు. ఈసారి నేనే కొలిచాను.

మర్నాడు జోనస్ మావయ్య పడవ దిగి, పాత గుడారాల చోటికి వెళ్ళి, రెండు గుంటలూ, పెద్ద పాదాల గుర్తులూ నింపాదిగా చూసి వచ్చాడు. వచ్చి టీ పోసుకున్నాడు.

"కంచే చేను మేసిందన్నమాట" అన్నాడు.

"ఏంటి?" అంది అత్త.

"ఏం లేదు. నాకు సరిగా వినబళ్ళేదు" అన్నాడు.

నవంబరులో విందు జరిగింది. ఊరి హాలులో ఒక వైపు వాళ్ళు, ఎదురు వైపు మేము. నేను మా అమ్మ పక్కన కూర్చున్నాను. అత్త పెద్ద గరిటెతో దుప్పి మాంసం పులుసు వడ్డించుకుంటూ వరస పొడుగునా వచ్చింది. నా దగ్గరకొచ్చినప్పుడు అందరికీ పోసినంతే పోసింది. ఎక్కువా పోయలేదు, తక్కువా పోయలేదు. తర్వాత పాటలు పాడారు. ఆఖరి పళ్ళెం నిప్పులో వేశారు. అందులో రొట్టె లేదు, చేప తోలూ లేదు. మంచి మాంసం, కొవ్వు. పొగ నిటారుగా పైకి వెళ్ళింది. నేను ఏమీ అనలేదు. నా మొగుడు వెళ్ళిపోయాడు. ఈసారి నిజంగా వెళ్ళిపోయాడు. నాకు గుండెలో అంత చోటు ఖాళీ అయింది, ఇప్పటికీ అక్కడ ఎవర్నీ కూర్చోబెట్టలేకపోయాను.

కంబళ్ళు పంచుతూ అత్త నా భుజాల చుట్టూ ఒకటి కప్పింది. పద్ధతి ప్రకారం అనాల్సిన మాట ఒకటి ఉంది, నీ దారి నీది అని. అంది.

"సరే అత్తమ్మా" అన్నాను.

"ఇక అత్తమ్మా అనకు. బాగోదు."

"మరి ఏమనను?"

ఆవిడ చేతిలో ఇంకా పంచాల్సిన కంబళ్ళు ఉన్నాయి. వెనక జనం ఎదురుచూస్తున్నారు.

"ఏమీ అనకు. ఊరికే వస్తూ ఉండు."

పన్నెండేళ్ళు వెళ్ళొచ్చాను. తలుపు తోసి లోపలికి వెళ్ళేదాన్ని. ఏ వరసా పెట్టి పిలిచేదాన్ని కాదు. "చలిగా ఉంది" అనేదాన్ని, "కూర్చో" అనేది. ఇద్దరం చేపలు కోసేవాళ్ళం, ఎర్రపళ్ళకు వెళ్ళేవాళ్ళం, కొండ అవతలికి వినబడేలా ఒకరినొకరు తిట్టుకునేవాళ్ళం. గొంతెత్తి తిట్టుకునేటప్పుడు కూడా ఏ వరసా వాడకుండా జాగ్రత్తపడేవాళ్ళం. కాల్విన్ పేరు ఎత్తలేదు, ఒక్కసారి కూడా. అయినా ఆ ఇంట్లో ఉన్నంతసేపూ నాకు ఆయన పక్కగదిలో ఉన్నట్టే ఉండేది.

ఆవిడ పోయాక జరిగిన విందులో కూడా నేను తినే వైపే కూర్చున్నాను. మా వంశంవాళ్ళే ఆవిడ గొయ్యి తవ్వారు, నేనే వాళ్ళకు టీ కాచి పోశాను. ఆ రోజు వడ్డించింది జోనస్ మావయ్య. నడుం వంగిపోయింది, కుడి చెవి కూడా నిజంగానే పోయింది. ఆఖరి పళ్ళెం నిప్పులో వేసినప్పుడు హాలంతా నిశ్శబ్దంగా ఉంది. పోయినవాళ్ళను పిలవకూడదని అక్కడ అందరికీ తెలుసు. నాకు అందరికన్నా బాగా తెలుసు.

"అత్తమ్మా" అన్నాను.

హాలులో అందరూ నా వైపు తిరిగారు. మా అమ్మ నా చెయ్యి గిల్లింది. జోనస్ మావయ్య ఒక్కడే పొగ వైపు చూస్తూ, వినబడనట్టు నిలబడ్డాడు. నేను ఇంకోసారి పిలిచాను.